మఠంలో బస

"రోముదాకా వెళ్ళి సిస్టర్ల మఠంలో పడుకోవాలా?" మలకీ టీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాడు. "నది ఒడ్డున హోటల్ చూసి పెట్టాను. సాయంత్రం మేడ మీద కూర్చుని ఓ గ్లాసు వైను తాగొచ్చు. మఠంలో ఏముంది? ఒంటి మంచం, గోడకి సిలువ, రాత్రి పదిన్నరకి తలుపుకి గడియ!"

"శుభ్రంగా ఉంటుంది," అంది యూనా, మొగుడి వైపు చూడకుండా రొట్టెకి వెన్న రాస్తూ. "మన ఊరు గాల్వే నుంచి వెళ్ళేవాళ్ళంతా అక్కడే దిగుతారు."

"వాళ్ళు పోప్‌గారిని చూడ్డానికి వెళ్తారు. పెళ్ళికీ చావుకీ తప్ప చర్చి గడప తొక్కనిదానివి, నీకింత భక్తి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?"

"వయసుతోపాటు వస్తుంది. నీకు రాకపోతే నేనేం చేయను?"

వయసూ కాదు, భక్తీ కాదు. ఆ మఠంలో డీలియా ఉంది. యూనా కంటే ముందు మలకీ చేసుకోవాలనుకున్న పిల్ల. ఉంగరం కూడా కొన్నాక, అతన్ని కాదని సిస్టర్లలో కలిసిపోయింది. ఇంకొకణ్ణి చేసుకుని వెళ్ళిపోయి ఉంటే తిట్టుకుంటూనైనా మరిచిపోయేవాడు. దేవుడి కోసం వదిలేసిన పిల్లని ఏమని తిడతాడు? పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడమే యూనాకి ముల్లయింది. రోములో అతిథుల గదులు చూసుకునేది డీలియాయేనని ఆడపడుచు ఎప్పుడో నోరు జారింది. డీలియాని యూనా ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూడాలన్నదీ ఆమెని కాదు. ఆ మనిషి తలుపు తీసినప్పుడు మలకీ మొహం చూడాలి. తను దక్కనిదాని బదులు దొరికినదా, కావాలనుకుని తెచ్చుకున్నదా అన్నది ఆ మొహమే చెబుతుంది.

హోటలనీ మఠమనీ మూడు రోజులు కీచులాడుకున్నారు. నాలుగో రోజు మలకీ వానలో తడిసి వచ్చి, కోటు విప్పుతూ చల్లగా చెప్పాడు.

"మఠానికి ఫోన్ చేశాను. గది ఖాయం."

"మరి నీ హోటలో?"

"నీ మాట కాదని ఎప్పుడైనా బతికి బట్టకట్టానా?"

అంత తేలిగ్గా దిగొచ్చినందుకు యూనాకి అనుమానం రావలసింది. సంతోషంలో రాలేదు.

రోములో దిగిన సాయంత్రం మఠం గంట యూనాయే నొక్కింది. తలుపు తెరుచుకుంది. పొడవాటి మనిషి. జుట్టు నెరిసినా కళగల మొహం.

"రండి, రండి. నేను సిస్టర్ ఇమెల్డా," అందామె, అచ్చం మలకీ పుట్టిన క్లేర్ యాసలో.

ఈమే డీలియా, అనుకుంది యూనా. ఇమెల్డా అయితే ఏం? అమ్మానాన్నలు పెట్టిన పేరుని మఠం గుమ్మం బయటే వదిలి వస్తారు వీళ్ళంతా.

మలకీ టోపీ తీశాడు. సరిగ్గా దీపం కిందికి వచ్చి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"సిస్టర్, స్నానానికి వేడినీళ్ళు వస్తాయా?"

"వస్తాయి నాయనా, ముందు లేచినవాళ్ళకి."

యూనా రెప్ప వేయకుండా చూసింది. ఆ మొహంలో వేడినీళ్ళ దిగులు తప్ప ఇంకేమీ లేదు.

ఆ రాత్రి ఒంటి మంచం మీద మలకీ గుర్రు పెట్టి నిద్రపోయాడు. పక్క మంచం మీద యూనాకి నిద్ర పట్టలేదు. గెలిచినట్టే ఉంది. కానీ ఎవరి మీద? మొగుడికి మొహం కూడా గుర్తులేని మనిషిని తలుచుకుని నలభై ఏళ్ళు కుమిలిపోయిందా తను? పైగా ఆ సిస్టర్ మీద జాలి కూడా వేసింది. ఒకప్పుడు ప్రాణమన్నవాడు ఎదురుగా నిలబడి వేడినీళ్ళు అడిగితే ఆమెకి ఎలా ఉండి ఉంటుంది!

తెల్లారాక మలకీ స్నానానికి వెళ్ళగానే యూనా కిందికి దిగింది. సిస్టర్ ఇమెల్డా బల్ల మీద కాఫీ కప్పులు సర్దుతోంది.

"సిస్టర్, నిన్న మావారు మిమ్మల్ని గుర్తుపట్టలేదు. మనసులో పెట్టుకోకండి."

"నన్నెందుకు గుర్తుపట్టాలి తల్లీ?"

"మీరు డీలియా కదూ?"

సిస్టర్ నవ్విన నవ్వుకి చేతిలో కప్పులు గలగలమన్నాయి. "నేనా! డీలియా మఠం వదిలేసి ఎన్నేళ్ళయిందో! ఈ వీధి చివర రొట్టెల కొట్టు అబ్బాయిని చేసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు మనవలు కూడానట. ఇంట్లోవాళ్ళు నామోషీపడి ఊళ్ళో చెప్పుకుని ఉండరు."

యూనా కుర్చీ లాక్కుని కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం మలకీ! ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ముందు నిలబెట్టి, అతనికి పరీక్ష పెట్టి, నెగ్గాడని మురిసిపోయింది.

"సిస్టర్, మీకు దణ్ణం పెడతాను. డీలియా సంగతి మావారికి మాత్రం చెప్పకండి."

"ఆయనకి తెలుసుగా! గది కోసం ఫోన్ చేసినప్పుడు మొదట అడిగింది అదే." అనేశాక సిస్టర్ నాలుక కరుచుకుంది.

"ఏమన్నాడు?" యూనా కుర్చీలోంచి లేచింది. "చెప్పండి సిస్టర్, ఏమన్నాడు?"

సిస్టర్ కప్పులు కింద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందనగానే ఎంతసేపటికీ మాట లేదు, లైను తెగిపోయిందనుకున్నాను. ఆ తరవాత, 'అమ్మయ్య, అయితే గది ఖాయం చేయండి. నాకు తెలుసని మాత్రం మా ఆవిడకి చెప్పకండి సిస్టర్, పాపం, నా మొహం చూడ్డానికే అంత దూరం వస్తోంది' అన్నాడు."