ఏ మిషనూ అలగని స్క్రిప్టు

"నా మిషను మళ్ళీ అలిగింది తమ్ముడూ!" మూడో గది అక్క కేకేసింది.

అతను చేతిలో కప్పు అక్కడే పెట్టి పరిగెత్తాడు. ఆఫీసులో అతన్ని అందరూ 'సర్దుబాటు' అంటారు. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు మరి.

ఖాతాదారుల చిరునామాల్లో తప్పులు పట్టే స్క్రిప్టు, అంటే కంప్యూటరుకు లైనుకొకటిగా ఇచ్చే ఆజ్ఞల చిట్టా, ఒకటి రాశాడతను. తన కంప్యూటర్లో చక్కగా నడిచింది. తంటా అంతా మిగతా గదుల్లోనే. అన్నీ యూనిక్స్ అనే ఒకే జాతి మిషన్లే, కానీ ఒక్కోటి ఒక్కో మేనేజరు హయాంలో కొన్నది. ఒకే ఇంటికొచ్చిన తోడికోడళ్ళలా, ఒకదానికి నచ్చిన ఆజ్ఞ ఇంకోదానికి గిట్టదు.

"శుక్రవారానికి ఏ మిషనూ గొణగకూడదు. గొణిగిందా, సోమవారం నువ్వు రానక్కర్లేదు" అనేశాడు మేనేజరు. ఇంట్లో చూస్తే భార్యకు నెలలు నిండుతున్నాయి.

"ఈసారి దేనికక్కా అలక?"

"నీ రెండో లైను అర్థం కాలేదట. ముసలిది కదా, కొత్త మాటలు తలకెక్కవు."

"పోనీలే, పెద్దదాన్ని కష్టపెట్టడమెందుకు" అంటూ ఆ లైను సంగతి చూశాడు. ముసలి మిషను ఊరుకుంది.

పక్క గదిలోది ఇంకో లైను దగ్గర మొరాయించింది. దాని ముచ్చటా తీర్చాడు. మేడమీది కొత్త మిషనుకు పాత పద్ధతులంటే నామోషీ. దానికీ ఎదురు చెప్పలేదు.

అక్క పకపకా నవ్వింది. "పెళ్ళాన్నయినా ఇంత బాగా చూసుకుంటావా?"

"ఆవిడ ఏ లైను దగ్గర కోపమొచ్చిందో చెప్పదక్కా. మనమే కనిపెట్టుకోవాలి."

రోజురోజుకీ గొణుగుళ్ళు తగ్గాయి. వేగమూ పెరిగింది. మొదట్లో గంట పట్టిన పని, గురువారానికి గుటక వేసేలోపు అయిపోతోంది.

శుక్రవారం మేనేజరు గదిగదికీ తిరిగి, ప్రతి మిషను మీదా స్వయంగా మీట నొక్కాడు. ఒక్కటీ కిక్కురుమనలేదు. ఒక్క చిరునామాలోనూ తప్పు తేలలేదు.

"శభాష్! ఇన్నాళ్ళూ తలా ఓ మాట చెప్పి నా పరువు తీసేవి. ఇవాళ అన్నిటిదీ ఒకటే మాట! ఏం మాయ చేశావయ్యా?"

"ఎవరి మనసూ నొప్పించలేదండీ, అంతే."

ఉద్యోగం నిలిచింది. పైగా హోదా పెరిగింది. కొత్తగా చేరేవాళ్ళకు పాఠంగా ఉంటుందని, ఆ స్క్రిప్టును ప్రింటు తీసి హాల్లో పటం కట్టించమన్నాడు మేనేజరు.

సాయంత్రానికి గోడకెక్కిన ఆ పటంలో, ఏదో ఒక మిషనుకు నచ్చలేదని అతను తీసిపారేసిన లైన్లు పోగా మిగిలిన స్క్రిప్టు అంతా ఉంది: ఉత్త తెల్ల కాగితం.