పెట్టె తిరిగే ఇల్లు

“ఇదీ తిరగదు,” అంటూ కృపమణి తాడు కొస వదిలేసింది.

రెండో కొస పట్టుకుని పడకగది గుమ్మంలో నిలబడిన సాలొమోను నిట్టూర్చాడు. పెట్టె పొడుగుకు కత్తిరించిన ఆ తాడును బిగదీసి పట్టుకుని మొగుడూ పెళ్ళాం పడకగదిలోంచి వీధి వాకిలి దాకా నడవాలి. ఎక్కడా గోడకు తగలకూడదు. ఇక్కడ నడవ మలుపులోనే తగిలింది.

బ్రోకరు హంపన్న నుదురు కొట్టుకున్నాడు. “ఏం పెట్టెమ్మా అది? మెట్లు లేవు, బావి నీళ్ళు తియ్యగుండాయి, మరుగుదొడ్డి పడకగదికి ఆనుకోనే ఉండాది. పిలిస్తే పలికే పక్కిల్లు కావాలంటిరి, ఈడ పిలవకున్నా పలుకుతారు! పెట్టెను నిలువుగా లేపితే తిరగదా?”

“మా పెట్టెను నిలువుగా లేపకూడదు హంపన్నా.”

“ఎందుకు, లోపల గాజుసామానా?”

“అంతకన్నా సున్నితం.”

బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయి ఏళ్ళవుతున్నా కౌలుబజారు ఇళ్ళవాళ్ళు ఇంకా తెలుగులోనే బేరాలాడుతున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ పెట్టె గొడవను కన్నడంలో చెప్పలేక సాలొమోను చచ్చేవాడు. సండూరులో వాళ్ళ సొంత ఇల్లు ఇద్దరికి మరీ పెద్దది. మెట్లెక్కాలి, ఎర్రదుమ్ము ఊడవాలి. మాంగనీసు కంపెనీ ఆఫీసులో ఆయన రిటైరయ్యాక బళ్ళారిలో చిన్న ఇంటికి మారదామన్నది కృపమణే. లారీల హొన్నూరప్ప ఆ ఇల్లు కొని, ఎప్పుడు ఖాళీ చేస్తారని కబుర్లు పంపుతున్నాడు. ఈవిడేమో ఆ తాడు విడవదు. మొన్నొక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, మంచానికి నులక కొలుస్తున్నానంటూ పక్కన కూర్చుని కత్తిరించిన తాడు అది.

పెట్టె అంటే పుట్టింటినుంచి తెచ్చుకున్న టేకు భోషాణమే అనుకున్నాడు సాలొమోను. ఆ వారంలోనే ఆవిడ భోషాణాన్ని అమ్మేసింది. ఇక ఏ ఇల్లయినా ఫరవాలేదని ఆయన సంబరపడ్డాడు. తర్వాత చూసిన ఇంట్లో కూడా కృపమణి సంచిలోంచి తాడు తీసింది.

“పెట్టె అమ్మేస్తివి గదా!”

“అది బట్టల పెట్టె. పట్టుకోండి.”

ఆ సంగతి సండూరు బస్సుస్టాండులో వడ్రంగి పక్కీరప్ప నోట బయటపడింది.

“అప్పా, మీ చర్చీలో ఎవురికన్నా ఆఖరా ఏంది? అమ్మ వచ్చి పెట్టె పొడుగు ఎట్ల లెక్కేస్తారని అడిగె.”

సాలొమోను అతని దగ్గరికి జరిగాడు. “నువ్వేమంటివి?”

“మనిషి పొడుగు, దానిమీద జానెడు. అంతే గదప్పా. ఎవురికమ్మా అంటే, ఇప్పుడే తొందర లేదులే అనె.”

ఆయన అక్కడే బెంచీమీద కూలబడ్డాడు. బస్సు వచ్చింది, పోయింది.

హంపన్న వాళ్ళకు పాడె వాకిట్లో కడతారు, దానికి ఇంట్లో మలుపులతో పనిలేదు. పెట్టె అట్లా కాదు. మనిషిని లోపలే అందులో పడుకోబెట్టి, మేకులు కొట్టి, మోసుకు రావాలి. కృపమణి తండ్రి పోయినప్పుడు ఆ అద్దె ఇంటి నడవలో పెట్టె తిరగలేదు. నిలువుగా లేపారు. లోపల ముసలాయన జారి కాళ్ళమీద దబ్బున పడ్డ చప్పుడు అందరూ విన్నారు. ఆ రాత్రినుంచి చాన్నాళ్ళు ఆవిడ నిద్రలో చెవులు మూసుకునేది.

అంటే, ఆవిడ తన పెట్టెకు ఆ గతి పట్టకూడదని చూస్తోందన్నమాట.

పోయిన నెల ఆవిడ మోకాళ్ళు చూపించడానికి బళ్ళారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడే ఆయనకు అనుమానం రావలసింది. వచ్చినావు గదా పెద్దాయనా అంటూ డాక్టరమ్మ ఆయన రొమ్మూ విని, బలానికి సీసా మందు రాసి బయటికి పంపేసింది. కృపమణితో మాత్రం తలుపేసుకుని చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చిన మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమందని అడిగితే, “ఆడోళ్ళ సంగతి, మీకెందుకు?” అంది.

తనకు తెలిసినట్టు ఆవిడకు తెలియనివ్వకూడదనుకున్నాడు. ఆ దిగులుతో ఆయనకు అన్నం సయించలేదు. ఒకనాడు అద్దం ముందు నిలబడి, “చొక్కాలన్నీ వదులైతాండాయే!” అన్నాడు.

“చాకలి ఉరుకుందమ్మ బండకేసి బాదితే సాగక ఏమైతాయి? ఆ మహాతల్లికి గోనెసంచి ఉతకనిస్తే గుడారం చేసి తెస్తాది,” అంది కృపమణి, ఆయన వైపు చూడకుండా.

కౌలుబజారు చర్చి వెనక సందులో హంపన్న ఇంకో ఇల్లు చూపించాడు. పడకగది కిటికీ తీస్తే గంట వినిపిస్తుంది.

“ఇదీ బేడ, వద్దు అంటే నేను ఈ దందా వదిలి కాశీకి పోతా. సాకైపోయింది, విసుగొచ్చె తల్లీ!” అన్నాడు.

సాలొమోను తాడు పట్టుకున్నాడు. ప్రభువా, తిరగనీ, అనుకున్నాడు. పడకగది, నడవ, మలుపు. గోడకు బెత్తెడు ఎడం ఉండగానే తాడు తిరిగింది. వాకిలి దాటి వీధిలోకి వచ్చేసింది. కృపమణి ముఖం తేటపడింది.

“ఇది చాలు,” అంది. “మీకు నచ్చిందా?”

“నీకు నచ్చితే నాకు నచ్చినట్టే.” అన్నాడు.

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, పొయ్యి ఎట్లా ఉందో చూస్తానని హంపన్నను వెంటబెట్టుకుని లోపలికి పోయింది.

సాలొమోను చేతిలో తాడు మిగిలింది. నలభై ఏళ్ళు ఇల్లంతా తానే అయి తిరిగిన మనిషికి ఇంత చోటేనా అనిపించింది. కృపమణి నెత్తి ఆయన భుజాల దాకే వస్తుంది. దానిమీద జానెడంటే తాడు తన ముక్కు దాకా రావాలి. ఎందుకో చూడాలనిపించింది. ఒక కొసను మడమ కింద తొక్కిపట్టి, రెండో కొసను ముఖం ముందుగా పైకి లాగాడు.

తాడు ఆయన నెత్తి దాటి సరిగ్గా జానెడు మిగిలింది.