దిగులుకో డాక్టరు

ప్రింటింగ్ ప్రెస్ ఫోర్‌మన్ దృష్టిలో మనుషులు రెండే రకాలు. పనిచేసేవాళ్ళు, మూలిగేవాళ్ళు. తన భార్య రెండో రకంలోకి దిగజారుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఇంట్లో ఇద్దరికీ షుగరే. ఆయనకి పదకొండేళ్ళుగా, ఆవిడకి రెండేళ్ళుగా. నిన్నమొన్నటిదాకా చకచకా తిరిగిన మనిషి నాలుగు రోజులుగా మంచం దిగడం లేదు. అన్నం వద్దంటుంది. ఏమైందంటే గోడవైపు తిరుగుతుంది.

"షుగరున్న ప్రతివాళ్ళూ ఇలా పడుకుంటే లోకంలో మంచాలు చాలవు," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మనసు బాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మీరు గది లోపలిదాకా వస్తేనే," అందావిడ.

మనసుకి డాక్టరు. ఆయనకి నవ్వొచ్చింది. అయినా ఈ నాటకమేదో తేల్చేద్దామని పూట సెలవు పెట్టాడు. చీటీలో పన్ను నొప్పి అని రాశాడు. నిజం రాస్తే బైండింగ్ సెక్షన్ దాకా నవ్వులే.

ఆసుపత్రి వరండాలో పదిమంది తలలు వేలాడేసుకుని కూర్చున్నారు.

"చూడు, నీ జట్టు," అన్నాడు భార్యతో.

లోపల డాక్టరమ్మకి పట్టుమని ముప్పయ్యేళ్ళు లేవు. ఈ పిల్ల మనసులు బాగుచేస్తుందట.

"నిద్ర ఎలా ఉంటోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

భార్య ఆయనవైపు చూసింది. ఆయనే అందుకున్నాడు.

"నిద్రదేముందమ్మా. మూడేళ్ళుగా నాకు కంటినిండా పడితే ఒట్టు. నేనేమన్నా మంచమెక్కానా?"

డాక్టరమ్మ రాసుకుంది. "ఆకలి?"

"తింటే షుగరు, తినకపోతే నీరసం. కంచం చూస్తేనే విసుగు నాకు. అయినా నాలుగు ముద్దలు మింగి డ్యూటీకి పోతాను. ఈవిడది గారాబం."

"ఇష్టంగా చేసే పనులు?"

"ఒకప్పుడు క్యారమ్స్ ఆడేవాణ్ణి. బోర్డు అటకెక్కించి ఏళ్ళయింది. అదీ జబ్బేనా?"

"ఏడుపొస్తుంటుందా?"

"మెషీన్ల మోతలో ఎవరికి వినబడుతుందండీ," అనేసి, వెంటనే సర్దుకున్నాడు. "అంటే, ఎవరికైనా వస్తుంది. బయటపడకూడదు."

భార్య అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మొదలెట్టింది మళ్ళీ, అనుకున్నాడు చిరాగ్గా.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఇంక బతికింది చాలు అనిపిస్తుంటుందా?"

"ఎవరికనిపించదమ్మా? పొద్దున్నే కళ్ళు తెరవగానే నాకొచ్చే మొదటి ఆలోచనే అది. మొహం కడుక్కుని పనికి పోతాను. దాన్ని పట్టుకుని వేలాడతామా?"

డాక్టరమ్మ అదీ రాసుకుంది.

"సరే, ఇంతకీ ఈవిడకొచ్చిన జబ్బేంటో చెప్పండి," అన్నాడు గడియారం చూసుకుంటూ. "మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళాలి."

డాక్టరమ్మ తను జవాబులు రాసుకున్న ఆసుపత్రి ఫారాన్ని ఆయనవైపు తిప్పింది.

పేషెంటు పేరు దగ్గర, భార్య మంచమెక్కడానికి వారం ముందటి తారీఖుతో, ఆ భార్య చేతిరాతలోనే, ఆయన పేరుంది.