బోడికొండ పచ్చబడింది

విత్తనాల కేంద్రం వాళ్లు బీరక్క మేకల మెడలకు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టి, రోజూ ఊరికే తుమ్మకాయలు పోస్తున్నారు. తెల్లారేసరికి రోబో బండి వచ్చి దొడ్డిలోని పెంటికలన్నీ ఊడ్చుకుపోతుంది. జిల్లాలో ఏ దొడ్డి చూసినా ఇదే తంతు.

"ఊరికే ఎవురు పోస్తారు పాపా? ఏందో మతలబుంది," అంది బీరక్క, కేంద్రం నుంచి వచ్చి కాయల మూటలు దించుతున్న షెహనాజ్‌తో.

"మతలబేముందక్కా? మేక కడుపులో నానిన గింజ బిరీన మొలుస్తాది. ఆ పెంటికల్నే బోడికొండ మీద చల్లుతాండాం. చూడు, ఎంత పచ్చగుందో!"

కొండ నిజంగానే పచ్చబడింది. అయినా అనుమానం తీరక, ఆ సాయంత్రమే బీరక్క మేకలను అటు తోలింది. కొండ మొదట్లో అడుగు పెట్టగానే పట్టీలన్నీ ఒక్కసారిగా అరిచాయి.

"ఇది రక్షిత అడవి. మేకలకు ప్రవేశం లేదు."

మేకలు బెదిరి వెనక్కి తిరిగాయి. వాటిని రాసుకుంటూ పెంటికల బండి దర్జాగా కొండెక్కింది.