నిద్రపోని చిరునామా

సైట్ మళ్ళీ మొరాయించింది.

రక్తం కావలసినవాళ్ళు అడిగే, ఇవ్వగలిగినవాళ్ళు చూసుకునే సైట్ అది. ప్రోగ్రామర్ విసుక్కుంటూ సర్వర్ లాగ్ తెరిచాడు. చీకటిపడింది మొదలు తెల్లారేదాకా ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి ఎవరో నిమిషానికోసారి అదే పేజీ తెరుస్తున్నారు.

"దొంగ దొరికాడు. ఎవడో వదిలిన యంత్రం ఇది," అన్నాడు.

"మనిషేమో. ముందు కనుక్కో," అంది పక్క సీటు అక్క.

"మనిషైతే నిద్రపోడా అక్కా?"

బ్లాక్ చేసి పారేశాడు.

మర్నాడు అదే చిరునామా నుంచి మెయిల్‌లో ఫిర్యాదు వచ్చింది. "బాబూ, పేజీ తెరుచుకోవడం లేదు. కాస్త చూడండి."

"యంత్రానికి నోరు కూడా వచ్చింది," అని నవ్వి చెరిపేశాడు.

సైట్ మాత్రం బాగుపడలేదు. తీరా చూస్తే తప్పు తను కొత్తగా చేర్చిన కోడ్‌లోనే ఉంది. ఒక్కసారి అడిగితే సరిపోయేదానికి డేటాబేస్‌ని పదేపదే అడిగి చంపుతోంది. గుట్టుచప్పుడు కాకుండా దిద్దుకున్నాడు. బ్లాక్ తీస్తే అక్క ఎందుకని అడుగుతుంది. అందుకే తీయలేదు.

నెల తిరక్కుండా ఒక రాత్రి అతని చెల్లెలికి కాన్పు కష్టమైంది. రక్తం ఆగడం లేదు. ఆమెది ఎక్కడోగానీ దొరకని గ్రూపు.

ఆస్పత్రి వరండాలో నిలబడే రక్తం కావాలని సైట్‌లో పెట్టాడు. పేజీ నిక్షేపంగా తెరుచుకుంది. ఎవరూ పలకలేదు.

"మా సైట్‌లో ఈ గ్రూపు అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చారుగా సిస్టర్?" అని నర్సును అడిగాడు.

"ఎవరో ఒకరు కాదండీ, ఒక్కరే. ఒక పెద్దాయన. మీ పేజీలో చూసి పరుగెత్తుకొచ్చేవారు."

"ఫోన్ నంబరు?"

"ఫోన్ లేదు. ఏదో గోదాములో కంప్యూటర్ మీద చూస్తానన్నారు. ఏ గోదామో మేం అడగలేదు. ఈమధ్య పేజీ రావట్లేదని ఇక్కడికొచ్చి బాధపడ్డారు. మీకూ రాశారట."

అతను అక్కడికక్కడే ఫోన్‌లో బ్లాక్ తీశాడు. లాగ్‌లోకి కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. ఆ చిరునామా నుంచి ఉలుకూ పలుకూ లేదు.

డాక్టర్ బయటికొచ్చి, అతని మొహంలోకి చూడలేక భుజం మీద చెయ్యి వేశాడు.

అతను నర్సువైపు తిరిగాడు. "మనిషే కదా సిస్టర్... రాత్రిళ్ళు నిద్రపోడా?"

"వాళ్ళావిడకి రక్తం కావలసిన రాత్రి ఊరంతా నిద్రపోతోందట బాబూ," అంది నర్సు. "ఆ తర్వాతే ఆయన నైట్ వాచ్‌మన్ పని వెతుక్కుని మరీ చేరారు."