జేబులో పూసలదండ

“ఈ పూసలు ఎవరివండీ?”

ఉతకడానికి తీసిన ప్యాంటు జేబులోంచి బయటపడ్డ దండ ఆమె వేలికి వేలాడుతోంది. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బయల్దేరిన నిఘంటువులు రాసే పెద్దమనిషి, అంటే ఆమె మొగుడు, ఉన్నచోటే ఆగిపోయాడు.

“ఎవరివేమిటి? నావే.”

“మగాడి జేబులో పూసలదండ! వింటే నలుగురూ నవ్విపోతారు. రేపు నేను ఆపరేషన్ బల్ల ఎక్కాలి. దిగుతానో లేదో తెలీదు. ఈలోపే రెండోదాన్ని చూసిపెట్టుకున్నారా?”

తన స్కాన్ రిపోర్టు వచ్చినప్పటి నుంచీ ఆమె కనిపెడుతూనే ఉంది. డాక్టరు గది బయట కూర్చున్నా, మంచం మీద వాలినా ఆయన చెయ్యి జేబులోనే. ఏమిటని అడిగితే “ఏం లేదు” అని మొహం తిప్పేసుకోవడం.

“పిచ్చిదానా! ఇది ఆఫీసు పని. ‘బీడ్’ అని ఇంగ్లిష్ మాట ఉందా? ఇప్పుడంటే పూస. పుట్టినప్పుడు దానర్థం ప్రార్థన. జనం ఒక్కో ప్రార్థనకీ ఒక్కో పూస జరిపేవాళ్లు. పోనుపోను ఆ పేరు ప్రార్థనని వదిలేసి పూసకి అంటుకుంది. ఇప్పుడు దాని గురించే రాస్తున్నాను. చేత్తో తిప్పి చూస్తే గానీ రాయబుద్ధి కాదు.”

“ప్రార్థనా? మీరా?”

గడ్డ ఉందని తేలిన రోజున, దేవుడికి ఓ దణ్ణం పెట్టుకోమన్న పిన్నిని “దణ్ణాలకి గడ్డలు కరగవు” అని కసిరిన మహానుభావుడు ఈయన!

“అందుకేగా ఆఫీసు పని అంటున్నాను,” అని విసుక్కుంటూ బాత్రూం తలుపు వేసుకున్నాడు.

ఆమె దండని వెలుగులో తిప్పి చూసింది. తల దూరదు, మెడకు చాలదు. ఏ ఆడదీ వేసుకునేది కాదు. కొయ్యపూసలు వేళ్ల చెమటకి మెరుగెక్కి ఉన్నాయి. సరే, ఆడదాని గొడవ కాదనుకుందాం. మరి అంత తడబాటు దేనికి? అనుమానం చల్లారలేదు. నీళ్ల చప్పుడు మొదలవగానే నిఘంటువు ఆఫీసుకి ఫోన్ చేసింది. ప్రూఫులు దిద్దే కుర్రాడు ఎత్తాడు.

“ఏం లేదు బాబూ, మీ సారు ఆ ‘బీడ్’ అనే మాట ఎంతవరకు రాశారో కనుక్కుందామని...”

అవతల నవ్వు వినిపించింది.

“అది నిరుడే అచ్చయిపోయింది కదమ్మా!”