రమ్మన్న మాట

జార్ఖండ్ నుంచి వచ్చిన కొత్త మేనేజరు, గనిలోకి దిగబోతున్న షిఫ్టు వాళ్ళతో "ఇక పోండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"పోండి అనద్దు సారూ," అన్నాడు వాళ్ళలో పెద్దవాడైన సదయ్య. "పోయి రాండ్రి అనాలె. నువ్వు రమ్మనకుంటే ఎట్లొస్తం?"

అందరూ నవ్వారు. మేనేజరు ఆ మాట నేర్చుకున్నాడు. రోజూ గని మొగదల నిలబడి అదే మాట చెప్పి పంపేవాడు. వాళ్ళకు దగ్గరయ్యాడు.

చలికాలంలో సదయ్య ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. పాడె లేస్తుంటే మేనేజరు చేతులు జోడించి, తనకు తెలిసిన మంచి మాటే అన్నాడు.

"పోయి రా, కాకా."

డప్పు ఆగింది.

"సచ్చినోన్ని రమ్మంటరా సారూ? దయ్యమై వస్తడు," అన్నారెవరో.

మరునాడు షిఫ్టు వాళ్ళు అతని ముఖం చూడకుండానే దిగిపోయారు.

దినాలయ్యాక అతను సదయ్య క్వార్టరుకు వెళ్ళాడు. సదయ్య భార్య సారక్క గడపలో కూర్చుని ఉంది.

"తప్పయింది అమ్మా. ఆ మాట వెనక్కి తీసుకుంటాను."

"వద్దు సారూ!" ఆమె గబుక్కున లేచింది. "డ్యూటీల నీ మాట ఎన్నడన్న కాదన్నడా? వస్తడనే తలుపుకు గొళ్ళెం పెడ్తలేను."